నానో విజ్ఞానము: మేలును కీడును
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



“నానో” అను మాట ఈనాడు మన ఇండ్లలోనికి వచ్చి చేరినది. నీటిని వడపోయు సాధనముమీదను, ఎండకు పూసికొను లేపనముమీదను, ఎరువు సీసామీదను అది కనబడుచున్నది. ఆసుపత్రిలో కేన్సరు మందుల ప్రస్తావనలోను వినబడుచున్నది. కొందరు దానిని సర్వరోగనివారిణియని పొగడుదురు. మరికొందరు పేరు విన్నంతనే భయపడుదురు. మన పిల్లలు రేపు కళాశాలలలో ఈ శాస్త్రమును ఆంగ్లమున చదువుకొందురు. కాని ఏ వస్తువు కొనవలెను, ఏ మందుకు సమ్మతింపవలెను అని ఇంటిలో నిర్ణయించువారు మీరు. మీకు ఈ విషయము మన మాటలలో తెలియవలెను గదా! అందుచేత దీని మేలును కీడును మీముందుంచుటకు పూనుకొంటిమి.

మొదట ఆ మాట అర్థమును తెలిసికొందము. నానో అనునది మరుగుజ్జు అను అర్థముగల గ్రీకు పదమునుండి పుట్టినది. మీటరును నూరుకోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. మన తలవెంట్రుక మందము ఇంచుమించు 80,000 మొదలు 1,00,000 నానోమీటర్లుండును. ఒకటి మొదలు 100 నానోమీటర్లవరకు పరిమాణముగల పదార్థములను తయారుచేసి వినియోగించుటయే నానో సాంకేతిక విద్య.

చిన్నదైనంత మాత్రమున పదార్థ స్వభావమేల మారవలెనని మీరడుగవచ్చును. బెల్లపుగడ్డ నీటిలో కరగుటకు చాలసేపు పట్టును. దానినే పొడిచేసి వేసినచో క్షణములో కరగును. బెల్లము మారలేదు, నీటికి తగులు ఉపరితలము పెరిగినది. ఒక సెంటిమీటరు భుజముగల ఘనమునకు ఉపరితలము ఆరు చదరపు సెంటిమీటర్లు. దానినే ఒక్కొక్క నానోమీటరు ఘనములుగా ఖండించినచో మొత్తము ఉపరితలము 6,000 చదరపు మీటర్లగును, అనగా దాదాపు ఎకరమున్నర నేల! పదార్థముల చర్య జరుగునది ఉపరితలముననే కనుక చురుకుదనము ఎన్నో రెట్లు హెచ్చును. రంగు మొదలగు గుణములును మారును. పచ్చని బంగారము ఈ పరిమాణమున నీటిలో ఎఱ్ఱగా కనబడును. లండనునందు ఫారడే మహాశయుడు 1857లోనే దీనిని పరిశోధించి వివరించెను.

1959 డిసెంబరు 29వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియాయందు రిచర్డు ఫైన్‌మన్ పరమాణువులను ఒక్కొక్కటిగా అమర్చి వస్తువులు చేయు కాలము రాగలదని ఉపన్యసించెను. జపానుకు చెందిన తనిగుచి 1974లో ఈ విద్యకు పేరు పెట్టెను. స్విట్జర్లండునందలి జూరిచ్ నగర సమీపమున బిన్నిగ్, రోరర్ అను శాస్త్రజ్ఞులు 1981లో ఉపరితలముమీది పరమాణువులను చూపగల సూక్ష్మదర్శినిని నిర్మించి, 1986లో నోబెల్ బహుమతిని పంచుకొనిరి.

ఇక వైద్యమునకు వత్తము. భీమవరమున జన్మించి, మన చెన్నపట్టణపు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనల ఫలితముగా అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు వచ్చినవి. 1948లో అమినోప్టెరిన్ వలన రక్తపు కేన్సరుగల పిల్లలకు కొంతకాలము ఉపశమనము లభించెను. కేన్సరు మందుల చరిత్రలో అది గొప్ప ఘట్టము. అయితే ఇట్టి మందులకు పెద్ద లోపమొకటి కలదు. చెడ్డ కణమును చంపు మందే మంచి కణమునుగూడ గాయపరచును. డాక్సోరుబిసిన్ అను మందు కంతిని కరగించును గాని, హెచ్చు మోతాదులో గుండెను దెబ్బతీయును.

ఈ చిక్కునకు నానో విద్య ఒక ఉపాయము చూపినది. కొవ్వుపదార్థముతో సుమారు 100 నానోమీటర్ల బుడగ చేసి, మందును అందు దాచిరి. కేన్సరు కంతి త్వరత్వరగా పెరుగుటచేత దాని రక్తనాళములలో సందులు మిగిలిపోవును. మంచి నాళమునుండి వెలికి రాలేని బుడగ ఆ సందులగుండ జారి కంతిలో చేరును. డాక్సిల్ అను పేర ఈ మందును 1995లో అమెరికా ప్రభుత్వము అంగీకరించెను. గుండెకు కలుగు హాని చాలవరకు తగ్గెను. కాని కొందరికి అరచేతులును అరికాళ్లును ఎఱ్ఱబారి, చర్మము ఊడి బాధించెను. బుడగ గుండెను కాపాడినది, బాధ మరియొకచోటికి పోయినది. అంతేకాక, ఇట్టి కణములు తిన్నగా కంతికే పోవునని అనుకొనుటయు సరికాదు. జంతువులపై జరిపిన అనేక పరిశోధనలను కూర్చి 2016లో లెక్కించగా, ఎక్కించిన కణములలో నూటికొకవంతు కూడ సగటున కంతిని చేరుట లేదని తేలెను. మందు పనిచేయును, కాని అది మంత్రము కాదు.

కరోనా కాలమున 2020 డిసెంబరులో విదేశములయందు వాడుకలోనికి వచ్చిన ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలును ఇట్టి కొవ్వు కణములయందే సందేశమును మోసికొనిపోయినవి. వాటివలన అసంఖ్యాకుల ప్రాణములు దక్కినవి. యువకులలో బహు కొద్దిమందికి గుండె కండరము వాచుటయు కనబడినది. మన దేశమున అత్యధికులకు వేసిన కోవిషీల్డు, కోవాక్సిన్ ఈ జాతివి కావు.

అపాయముల విషయమున అన్నిటికంటె ముందు గమనింపవలసినది ప్రవేశ ద్వారము. టైటానియం డయాక్సైడ్ అను తెల్లని పొడిని చూడుడు. ఎండ లేపనములోని దాని కణములు గాయములేని చర్మమును దాటి లోనికి పోవుట దాదాపు లేదు. అదే పదార్థమును ఆహారమున కలుపుటను ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించెను. పొడిగా ఎగిరి ఊపిరితిత్తులలో చేరుట ఇంకను మంచిది కాదు. వస్తువొకటే, ద్వారమునుబట్టి ఫలితము వేరు.

రెండవది ఆకారము. కార్బన్ నానో గొట్టములు ఉక్కును మించిన బలముగలవి. కాని పొడవైన గొట్టములను ఎలుకల కడుపు కుహరమున ప్రవేశపెట్టగా, ఆస్బెస్టాస్ నార కలిగించునట్టి వాపు కలిగినదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ గొట్టములు ఆటబల్లెపు జిగురులో గట్టిగా అతుకుకొనియున్నంతవరకు ఆడువానికి భయము స్వల్పము. ఆ పొడిని కర్మాగారమున ఎత్తిపోయు కార్మికునకే భయము హెచ్చు. రేపు మన పిల్లలు అట్టి కర్మాగారములలో ఉద్యోగులు కావచ్చును.

మూడవది, కణములు ఎచ్చట నిలుచునను విషయము. మన చెన్నపట్టణపు ఐ.ఐ.టి.లో తలప్పిల్ ప్రదీప్ గారి బృందము నానో కణములతో నీటిలోని పురుగుమందులను తొలగించు విధమును కనిపెట్టెను. ఆ వడపోత 2007లో అంగడికి వచ్చెను. నీటిలోని పాషాణమును తీసివేయు “అమృత్” అను పద్ధతియు వారిదే. వడపోతకు ప్రాణమంతయు కణములు తమ స్థానమునుండి కదలకుండుటలోనే యున్నది. బట్టకు పట్టించిన వెండి కణములో, ఉతికినకొలది మురుగునీటిలో కలియును, అచ్చట మేలుచేయు సూక్ష్మజీవులకును హాని చేయగలదు.

కావున తల్లిదండ్రులారా, నానో అను ముద్ర కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఇది ఏ దారిన శరీరములోనికి పోవును? పోయి ఎచ్చట నిలుచును? ఎట్లు వెలికి వచ్చును? అమ్మువాడు జవాబు చెప్పలేనిచో తొందరపడి కొనకుడు. వైద్యుడు మందు వ్రాసినచో పేరు చూచి నిరాకరింపకుడు. దానివలన లాభమెంత, ఏ బాధ కలిగినచో వెంటనే తెలుపవలెను అని అడిగి తెలిసికొనుడు. అడుగుట రోగికి గల హక్కు.

మరియొక మాట. అతిసూక్ష్మ కణములు ప్రయోగశాలలోనే పుట్టునవి కావు. కట్టెపొయ్యి పొగలోను, డీజిలు పొగలోను, అగరువత్తి పొగలోను 100 నానోమీటర్లకు లోబడిన కణములు కోట్లకొలది కలవు. మందులోని కణమునకు వెఱచి, తలుపులు మూసిన గదిలో పసిపాప ప్రక్కన దోమలచుట్ట వెలిగించుట వివేకము కాదు. కిటికీ తెరచుటకు ఏ శాస్త్రజ్ఞుని అనుమతియు అక్కరలేదు.

చిన్నతనమే ఈ విద్యకు బలము. ఆ చిన్నతనమే దాని అపాయము. రెంటిని వేరుచేయుట సాధ్యము కాదు, ఎరిగి వాడుకొనుటయే సాధ్యము. మీ బిడ్డలు ఈ శాస్త్రమును గూర్చి ప్రశ్నించినప్పుడు “మనకెందుకు” అని త్రోసివేయక, కూర్చుండబెట్టుకొని తెలుగున మాటలాడుడు. తెలియనిచో ఉపాధ్యాయుల నడుగుడు. వారును మేమును మీకు సాయపడుటకు సిద్ధముగా ఉన్నాము.