సేఫ్టీ జాకెట్లు: ఎవరికి, ఎటువంటివి?
(మస్కట్‌లో మన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో సంగీతాన్ని గురించో, సాహిత్యాన్ని గురించో నాలుగు మంచి మాటలు వినడం మనకు అలవాటు. వేదిక ఏర్పాట్లు, కార్ల పార్కింగు చూసుకునే మా బృందానికి ఆ భాగ్యం లేదు. మేము జాకెట్లను గురించి మాట్లాడవలసి వచ్చింది. సోదరీమణులు పొరబడవద్దు, చీర మీదికి కుట్టించుకునే జాకెట్లు కావు. మెరిసే పట్టీలున్న సేఫ్టీ జాకెట్లు. వీటిని ఈ ఏడు కొత్తగా కొనాలని కార్యవర్గం నిర్ణయించింది గనుక, కొనేముందు మా మనవి ఆలకించవలసిందిగా కోరుతున్నాము.

మన పల్లెల్లో దేవుని ఊరేగింపు ముందు దివిటీలు, పెళ్ళి ఊరేగింపుకు అటూ ఇటూ పెట్రోమాక్సు దీపాలు నడిచేవి. ఆ రోజుల్లో ఎదురు వచ్చేది ఎడ్లబండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. 1964లో స్కాట్లండులోని గ్లాస్గో నగరం వద్ద, విద్యుదీకరించిన రైలుమార్గం మీద పనిచేసేవారికి నారింజరంగు మెరుపు జాకెట్లు ఇచ్చి చూశారు. వాటిని 'మిణుగురు జాకెట్లు' అని పిలిచారు. వాటిని మొదట తొడుక్కున్నది స్టేషను మాస్టరుగారు కాదు, పట్టాల మీద వంగి పనిచేసే మనిషి. ఈ మాటకు మళ్ళీ వస్తాము.

జాకెట్టులో రెండు వస్తువులున్నాయి, రెండింటి పనీ వేరు. గుడ్డది పగటి పని. ఎండలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని, కనబడే రంగుగా తిరిగి వదులుతుంది. అందుకే మామూలు పసుపుకంటె ఎక్కువ వెలుగుతున్నట్లు తోస్తుంది. సందెవేళ ఈ గుణం బాగా అక్కరకు వస్తుంది. చీకటి పడ్డాక ఆ గొప్ప చాలావరకు పోతుంది. అప్పుడు పట్టీ పని మొదలు. దానిని మనవాళ్ళు 'రేడియం' అంటారు గాని అందులో రేడియం ఏమీ లేదు. సన్నని గాజుపూసలుంటాయి. మీద పడిన వెలుతురును అవి వచ్చిన దారినే వెనక్కు పంపుతాయి. కారు దీపాలూ డ్రైవరు కళ్ళూ ఇంచుమించు ఒకే దిక్కున ఉంటాయి గనుక డ్రైవరుకు పట్టీ భగ్గున కనబడుతుంది. పక్కన నిలుచున్నవారికి మామూలు బూడిదరంగు పీలిక. (మన ఉత్సవాల ఫొటోలలో కార్యకర్తల పట్టీలే తెల్లగా మండుతూ, ముఖాలు నల్లబడి ఉండడానికి కారణం ఇదే. ఫొటోగ్రాఫరును నిందించి లాభం లేదు.) దీపాలు వేయకుండా లారీ వెనక్కు వస్తూంటే ఎంత ఖరీదు పట్టీ అయినా ఒక్కటే. అక్కడ ముందుగా స్తంభానికి ఒక దీపం కట్టాలి.

కాబట్టి కొనేముందు అడగవలసిన మాట: ఈ మనిషిని ఎవరు చూడాలి, ఏ వెలుతురులో చూడాలి? హాలులో కుర్చీలు చూపించేవారిని చూడవలసింది ప్రేక్షకులు. వారికి ఒక రంగు కండువా, బ్యాడ్జి చాలు. కార్లు నిలిపేచోట ఉన్న కుర్రవాణ్ణి చూడవలసింది స్థలం దొరకక విసిగిపోయిన డ్రైవరు. డిసెంబరులో మస్కట్‌లో అయిదున్నరలోపే సూర్యాస్తమయం; మన జనం వచ్చేది సరిగ్గా ఆ తరువాతనే.

2013లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 20471 అనే అంతర్జాతీయ ప్రమాణంలో మూడు తరగతులున్నాయి. మొదటి తరగతికి మెరుపుగుడ్డ కనీసం 0.14 చదరపు మీటరు, పట్టీ 0.10, రెండవదానికి 0.50, 0.13, మూడవదానికి 0.80, 0.20. మన రైళ్ళలో మూడవ తరగతి అడుగున ఉండేది, ఇక్కడ అదే పైది. చేతులులేని జాకెట్టు ఒక్కటి వేసుకుంటే మూడవ తరగతి కాదు. పట్టీలున్న చేతులైనా ఉండాలి, అటువంటి ప్యాంటైనా జత కావాలి. పార్కింగు కుర్రవాళ్ళకు రెండవ తరగతి, రోడ్డు వారన నిలబడేవారికి మూడవ తరగతి అని మా అభిప్రాయం. ఖరీఫ్ కాలంలో సలాలాలో కార్యక్రమం పెట్టుకుంటే, ఆ పొగమంచులో, చినుకులో పగలు కూడా చేతులున్నదే మేలు.

రంగు సంగతి. పసుపుపచ్చ అందరికీ ఇష్టమే. కాని ఖురమ్ పార్కు వంటి పచ్చికబయలు మీద అది కలిసిపోతుంది. ఇసుకనేల, గోధుమరంగు కొండలు వెనుక ఉన్నచోట నారింజ విడిగా కనబడుతుంది. అయితే మనవాళ్ళు ద్వారం నిండా బంతిపూల తోరణాలు కడతారు. వాటి ముందు నారింజ జాకెట్టు మరొక బంతిదండే!

ఇక కొంచెం కటువైన మాట. ప్రకటనదారుల గుర్తులు జాకెట్టు వెనుక పెద్దగా అచ్చువేయించాలని ఒక సూచన వచ్చింది. గుర్తు కప్పినంత మేర మెరుపుగుడ్డ లెక్కలోకి రాదు. పట్టీ మీదికి ఎక్కితే రాత్రి పని కూడా పోయినట్లే. గుర్తు కావాలంటే ఎడమ రొమ్ము మీద అరచేతి పాటి చాలు.

అంతకంటె ముఖ్యమైనది, కొనవలసిన వారి జాబితా. అందులో కార్యవర్గం ఉంది, స్వాగత సంఘం ఉంది. అర్ధరాత్రి మనమందరం భోజనాలు చేసి వెళ్ళాక, ఇనుప గొట్టాలు విప్పి లారీకెత్తే పనివారు లేరు. వారు గుత్తేదారు మనుషులు, ఆయనే ఇచ్చుకుంటాడు అన్నారు. ఆయన ఇచ్చినవి మేము చూశాము. రంగు వెలిసి, పట్టీ పొట్టు లేచి, ముందు బొత్తాం లేక తెరుచుకుని ఊగుతున్నవి. ఆ మనుషులెవరు? కడప, కరీంనగర్, శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్ళే సగం మంది. ఒమన్‌లో 2008 నాటి 286వ మంత్రిత్వశాఖ నిర్ణయం పనివారికి రక్షణ సాధనాలు సమకూర్చే బాధ్యతను పని ఇచ్చేవారి మీద పెట్టింది. చట్టం గుత్తేదారును అడుగుతుంది, నిజమే. లారీ వెనక్కు వచ్చేది మాత్రం మన వేదిక దగ్గర. చేతులున్న మంచి జాకెట్లు మొదట వారికి కొని, మిగిలిన సొమ్ముతో మనకు చూడండి. స్వాగత సంఘానికి పట్టుకండువాలు చాలు, వారికి అందమూ అదే.

ఆ నిర్ణయంలోనే జూన్, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఎండలో పని మాన్పించే నియమం ఉంది. మిగతా నెలల్లోనూ ఇక్కడి ఎండ తక్కువది కాదు. దట్టమైన గుడ్డయితే చెమటకు తట్టుకోలేక విప్పి భుజాన వేసుకుంటారు. విప్పిన జాకెట్టు ఎవరినీ కాపాడదు. జాలీ గుడ్డ ఎంచుకోండి. ఎక్కడైనా చిక్కుకుంటే ఊడివచ్చేట్టు భుజాల దగ్గర అతుకుడు పట్టీలుంటే ఇంకా మంచిది. వంటశాలలో మాత్రం వద్దు, పాలియెస్టరు మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

చీర కట్టుకున్న అక్కచెల్లెళ్ళు పమిటను జాకెట్టు లోపలికి తీసుకోవాలి. పెద్దలు దానిపై శాలువా కప్పుకోవద్దు. సన్మానం జరిగినా సరే!

ఎన్ని ఉతుకులకు ఆగుతుందో లోపలి చీటీ మీద ఉంటుంది. ఎండలో ఆరవేస్తే మెరుపు త్వరగా పోతుంది, నీడన ఆరవేయండి. పాతవి పార్కింగు కుర్రవాళ్ళకో, పనివారికో పంచిపెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వెలిసినవాటిని మళ్ళీ ఎవరూ తొడగకుండా కత్తిరించి పారవేద్దాము. కొలతలు, ధరల పట్టిక కార్యదర్శిగారికి అందజేశాము.