కాగితాలు లేని కుటుంబాలు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు
(వెస్ట్ బేలో తెలుగు కార్మికుల కోసం జరిగిన సంక్షేమ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు శుక్రవారం. వారానికి దొరికే ఒక్క సెలవును వదులుకొని వచ్చారు. సనాయియా నుంచి బస్సులు మారి వచ్చినవారు ఉన్నారు, ఇక్కడే టవర్లలో రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చినవారు కూడా ఉన్నారు. అందుకని సూటిగా విషయానికి వస్తాను. మీలో కొందరి బతాకా గడువు అయిపోయింది. కొందరికి అసలు బతాకాయే లేదు. మనవాళ్ళు ఖల్లివల్లి అంటారే, అది. చేతులెత్తమని అడగను, ఇక్కడ ఎవరూ పేర్లు రాసుకోవడం లేదు.

ఖల్లివల్లి అయిన ప్రతివాడూ తప్పు చేసినవాడు కాడు. కంపెనీ మూతపడినవారు, ఆజాద్ వీసా అమ్మిన కఫీల్ ఫోను ఎత్తక చిక్కుకున్నవారు, పని ఇంట్లో కొట్టారని గోడ దాటిన అక్కచెల్లెళ్ళు, విజిట్ వీసా మీద భర్త దగ్గరికి వచ్చి ఉండిపోయిన ఇల్లాళ్ళు, వీరందరినీ చూశాను. 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం బతాకా తీయించడం, రెన్యువల్ చేయించడం యజమాని బాధ్యత. మీ పాస్‌పోర్టు ఆయన దగ్గర పెట్టుకుంటే 25,000 రియాళ్ళ వరకు జరిమానా. అయితే తనిఖీలో పట్టుబడేది మాత్రం మనమే. బతాకా గడువు దాటాక 90 రోజుల లోపు రెన్యువల్ అయినా కావాలి, దేశం విడిచి అయినా వెళ్ళాలి. లేకపోతే అదే చట్టంలో మూడేళ్ళ వరకు జైలు, 50,000 రియాళ్ళ వరకు జరిమానా ఉన్నాయి.

“సార్, క్షమాభిక్ష మళ్ళీ ఎప్పుడు?” అని అందరూ అడుగుతారు. 2004లో ఒకటి వచ్చింది. తరువాతది 2016 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 1 వరకు. మధ్యలో పన్నెండేళ్ళు! 2021 అక్టోబరులో మొదలైన గడువును 2022లోకి పొడిగించారు, అప్పుడు రాజీ సొమ్ము సగానికి తగ్గించారు. 2025 ఫిబ్రవరి 9 నుంచి మూడు నెలలు ఇచ్చారు, అదీ అయిపోయింది. క్షమాభిక్షను నమ్ముకొని కూర్చోవద్దు. వచ్చినా కాగితాలు సిద్ధంగా ఉన్నవాడికే అది పనికొస్తుంది. గడువు చివరి వారంలో సంచీలు సర్దుకొని వచ్చి, పాస్‌పోర్టు నకలు కూడా లేక వెనక్కి తిరిగినవారిని నేను చూశాను.

కాబట్టి మొదటి పని నకళ్ళు. పాస్‌పోర్టు పోయినా, యజమాని దగ్గర ఉండిపోయినా, ఎంబసీ వారు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. మనం ఔట్ పాస్ అంటాం. ఇండియాకు ఒక్కసారి వెళ్ళడానికి మాత్రమే చెల్లుతుంది. దానికి మీరు భారతీయులేనని రుజువు కావాలి. నకలు ఉంటే పని తొందరగా అవుతుంది. లేకపోతే మీ ఊరికి విచారణ వెళ్ళాలి. జగిత్యాల పల్లెలోనో, కడప పల్లెలోనో పోలీసు వచ్చి అడిగేదాకా మీరు ఇక్కడ రోజులు లెక్కపెట్టుకోవాలి. ఈ రోజే పాస్‌పోర్టు, వీసా, బతాకా ఫోటో తీసి ఊళ్ళో ఇంటివాళ్ళకు పంపండి. ఒక జిరాక్సు మీ దగ్గర పెట్టుకోండి, ఒకటి నమ్మకమైన స్నేహితుడికి ఇవ్వండి.

పిల్లలున్నవారు ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినవలెను. ఇంటికి పెద్ద బతాకా పోతే, దాని మీద ఉన్న భార్యాబిడ్డల బతాకాలు కూడా పోయినట్లే. ఇక్కడ పుట్టిన బిడ్డకు ఖతర్ జనన ధ్రువపత్రం తీసుకోవాలి, దానికి మీ పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతారు. గుళ్ళో పెళ్ళి చేసుకొని రిజిస్టరు చేయించనివారు ఊళ్ళో పెద్దల ద్వారా ఆ పని ముందు చూసుకోండి. తరువాత మన పౌరసత్వ చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన ఏడాదిలోగా ఎంబసీలో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఒక తల్లి నా దగ్గరికి వచ్చేసరికి బిడ్డకు మూడేళ్ళు. పట్టుకుంటారన్న భయంతో ఏ కౌంటరుకూ వెళ్ళలేదు. తల్లికి ఔట్ పాస్ దొరికే వీలుంది, బిడ్డకు మాత్రం ఏ దేశంలోనూ ఒక్క కాగితం లేదు. బిడ్డను వదిలి ఏ తల్లి విమానం ఎక్కుతుంది? ఆ ఒక్క కారణంతో కుటుంబమంతా నెలల తరబడి ఆగిపోయింది.

ఇంట్లో ఇద్దరూ కూర్చొని ఇంకో మాట అనుకోవాలి. రేపు ఒకరిని పట్టుకుంటే బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడు? బతాకా చెల్లుబాటులో ఉన్న అన్ననో, వదిననో, పక్కింటి వాళ్ళనో ముందుగా అడిగి ఒప్పించుకోండి. బిడ్డ మందులు, కాగితాలు ఎక్కడున్నాయో వాళ్ళకు చెప్పండి. ఫోను మీ చేతిలో ఉండకపోవచ్చు, నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకొని జేబులో ఉంచుకోండి. పట్టుకుంటే పరుగెత్తకండి, దొంగ పేరు చెప్పకండి. అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం చేయకుండా చదివి చెప్పమని అడగండి. మా ఎంబసీకి తెలియజేయండి అని చెప్పండి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం అది మీ హక్కు. డిపోర్టేషన్ సెంటరుకు ఎంబసీ అధికారులు వెళ్ళి వస్తుంటారు, వారికి మీ పూర్తి పేరు, ఊరు చెప్పండి.

వెళ్ళిపోదామనుకున్నవారు టికెట్ కొనకముందే తమ మీద కేసు, ప్రయాణ నిషేధం ఉన్నాయేమో చూసుకోవాలి. బ్యాంకు అప్పు, చెల్లని చెక్కు ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. ఔట్ పాస్ ఉన్నా ఆ చిక్కు తీరదు.

జీతం బాకీ ఉంటే వదులుకోవలసిన పని లేదు. కార్మిక శాఖ కింద 2018 నుంచి వివాదాల కమిటీలు పనిచేస్తున్నాయి. వెళ్ళేముందు ఫిర్యాదు పెట్టి, ఇక్కడ ఉండే ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి. చాలామంది ఈ ఒక్క సంతకం పెట్టకుండా వెళ్ళిపోయి, ఊరికి చేరాక “నా పైసలు” అని ఫోను చేస్తారు. అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ.

ఔట్ పాస్ ఇప్పిస్తామని దళారులు వేలకు వేలు అడుగుతారు. నమ్మవద్దు. ఎంబసీ కౌంటరులో ఫీజు రసీదుతో కడతారు, అంతే. ఆ డబ్బు కూడా లేని నిరుపేదలకు 2009లో ఏర్పాటైన సంక్షేమ నిధి నుంచి టికెట్ సహాయం ఉంది, అర్జీ పెట్టుకోవాలి. ఐ.సి.బి.ఎఫ్. వాలంటీర్లు కూడా దారి చూపిస్తారు.

తెలుగులో అర్జీ నింపిపెట్టే తమ్ముళ్ళు వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. పెళ్ళి సర్టిఫికెట్ గానీ, బిడ్డ జనన పత్రం గానీ లేనివారు ముందు వెళ్ళండి, మీ పనికే ఎక్కువ సమయం పడుతుంది. ఒంటరిగా మాట్లాడాలనుకునే అక్కచెల్లెళ్ళకు పక్క గది తెరిచి ఉంది, అక్కడ ఆడవాళ్ళే ఉంటారు. సాయంత్రం ఆరు వరకు ఎవరినీ వెళ్ళమనరు.