కృష్ణ ఒడ్డున ఒక నోటుపుస్తకం



శక్తినగర్‌లోని తెలుగువారిని మీది ఏ ఊరని అడిగితే నది అవతలి ఊరి పేరో, ఇంకా దూరపు జిల్లా పేరో చెబుతాము. 1985లో ఇక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ మొదలైన నాటినుండి బతుకుతెరువు కోసం వచ్చినవారమూ, వారి పిల్లలమూ ఇక్కడే స్థిరపడినాము. రేషను కార్డు దగ్గర ఊరివారమే. నది సంగతి వచ్చేసరికి మాత్రం చుట్టపుచూపుగా వచ్చినవారమైపోతాము. “అది వాళ్ళు చూసుకోవాలి” అంటాము. ఆ వాళ్ళలో మనమూ ఉన్నామని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మనకు ఎగువన భీమానది కృష్ణలో కలుస్తున్నది. కనుక దేవసూగూరు వంతెన కింద పారేది సహ్యాద్రి వాననీరు మాత్రమే కాదు. పుణె, షోలాపూర్ వంటి నగరాల వాడుకనీరు, చెరకు తోటల ఎరువుల శేషమూ అందులో ఉంటాయి. దానికి మన పట్టణపు మురుగును మనమూ కలుపుతాము. ఆ నీరు కురువపురం దాటి, జూరాల, శ్రీశైలం మీదుగా నాగార్జునసాగర్ చేరుతుంది. హైదరాబాదుకు తాగునీరు అందించే జలాశయాలలో అది ఒకటి. పండుగకు మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు చెంబుతో అందుకునే నీళ్ళలో మన పాలు కొంత ఉన్నదన్నమాట!

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఎండాకాలపు ఉదయం ఒడ్డున చచ్చిన చేపలు తేలినవి. నేను ఆవేశంగా ఒక ఖాళీ సోడా సీసాలో నీళ్ళు పట్టుకొని, బస్సెక్కి, ఒక పరీక్షాలయానికి వెళ్ళినాను. ఎక్కడ పట్టారు, ఎన్ని గంటలకు, అప్పుడు నీటి వేడిమి ఎంత, సీసాను మంచులో పెట్టారా, నిన్న మొన్న నది ఎలా ఉన్నది అని వారు అడిగినారు. ఒక్కదానికీ నా వద్ద జవాబు లేదు. సీసా తిరిగి నా చేతికే వచ్చింది. అప్పుడు కోపం వచ్చింది కాని, తప్పు నాదే. చేపలు చచ్చిన రోజున నదిని చూడబోతే అంతకు ముందు అది ఎట్లా ఉండేదో తెలియదు. తెలియనప్పుడు ఏది మారిందో ఎట్లా చెప్పగలము?

ప్రభుత్వ మండళ్ళు నిర్ణీత స్థలాలలో నీటిని పరీక్షిస్తూనే ఉన్నవి. అయితే ఒక సీసా ఆ గంట సంగతిని మాత్రమే చెబుతుంది. మిగిలిన గంటలకు సాక్షులు ఒడ్డున ఉండేవారే: పుట్టి నడిపేవారు, వల వేసేవారు, బట్టలుతికేవారు.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. 2000 తర్వాతి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతులే వాననూ, బావులలో నీటిమట్టాన్నీ కొలిచి రాసుకున్నారు. నదికి అవతలనున్న నాటి మహబూబ్‌నగర్ జిల్లా వాటిలో ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ పనికి తోడ్పడినది. అంకెలను ఊరందరి ముందు పెట్టి, ఉన్న నీటికి ఏ పంట తగునో లెక్క కట్టినారు. బోరు వేయవద్దని వారిని ఎవరూ శాసించలేదు. తమ చేతితో రాసిన అంకె కనుక నమ్మినారు.

నదికి కొలవవలసినవి వేరు. నీటి వేడిమి మొదటిది. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. స్నానానికి తగిన నదిలో కనీసం 5 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. రాయచూరు ఎండలలో నదికి మిగిలే వెసులుబాటు ఎంత తక్కువో దీనినిబట్టి ఊహించవచ్చును. దక్షిణాఫ్రికాలో బడిపిల్లలు సైతం రాళ్ళకింది పురుగులను చూసి నది ఆరోగ్యానికి మార్కులు వేసే పద్ధతి ఉన్నది. పదమూడు రకాల జీవులను గుర్తుపడితే చాలు. మూడు తోకల సన్నని పురుగులుంటే నీరు మంచిది. జలగలు, ఎర్రపురుగులు మాత్రమే మిగిలితే అనుమానించాలి. ఆ మార్కులు మన నదికి యథాతథంగా వర్తించవు కాని, చూసే అలవాటు వర్తిస్తుంది. వరదకాలపు ఎర్రనీటిని చూసి మాత్రం కంగారుపడకండి, అది నదికి సహజమే.

మన చూపుకు అందనిదీ ఉన్నది. బొగ్గు బూడిదతో వచ్చే లోహాలు కంటికి గాని, ముక్కుకు గాని తెలియవు. వాటికి ప్రయోగశాల తప్పదు. ఏ చోట, ఏ నెలలో పరీక్షించాలో తేదీలతో అడగగలగడమే మన నోటుపుస్తకం చేసే మేలు. ఒక్క రోజు అంకె పట్టుకొని ఎవరినీ దోషిగా నిలబెట్టవద్దని నా మనవి. ఏడాది అంకెలుంటే ఏ కార్యాలయమూ వాటిని సీసాలాగా తిప్పి పంపలేదు.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు వంతెన దిగువన కలుద్దాము. ఒక ఉష్ణమాపకం, తెల్లని పళ్ళెం, పెన్సిలు తెచ్చుకోండి. తడిస్తే పెన్ను రాత చెదిరిపోతుంది. నోటుపుస్తకంలో ఒక వైపు కన్నడం, ఒక వైపు తెలుగు రాద్దాము. నదిలో మొసళ్ళున్నవి, పిల్లలను నీటిలోకి దిగనివ్వకండి. నీరు ముంచి తేవడానికి తాడు కట్టిన బకెట్ నేను తెస్తాను.