కథ మధ్యలో ఒక ప్రశ్న



ఏడు చేపల కథ తెలియని తెలుగిల్లు అరుదు. చేప ఎండకపోవడానికి గడ్డిమేటు కారణం, గడ్డిమేటు మిగలడానికి ఆవు కారణం. అలా చీమ దాకా వెళ్తుంది కథ. ఏది జరిగితే ఏది జరిగిందో పిల్లలు పట్టుకోగలిగితే కథ అర్థమైనట్టే.

అందుకే గడగడా చెప్పేయకండి. ఆవు దగ్గర ఆగి, "ఇప్పుడు ఎవరిని అడుగుదాం?" అనండి. మీ పాప "పాలేరు" అని ఒక్క మాటే అంటే, "అవును, ఆవును మేతకు వదలని పాలేరును అడుగుదాం" అని దాన్ని నిండు వాక్యం చేసి అందించండి. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం మూడేళ్లలోపు పిల్లల తల్లిదండ్రులకు ఇలాంటి పద్ధతే నేర్పింది. నెల రోజుల్లోనే ఆ పిల్లలు, మామూలుగా కథలు విన్న పిల్లలకంటే మాటల్లో ముందున్నారు.

అపార్ట్‌మెంట్లో పెరిగే పిల్లలు గడ్డిమేటు చూసి ఉండరు. బొమ్మ చూపించండి. "ఎండుగడ్డిని ఇలా ఎత్తుగా పేరుస్తారు" అని చెప్పండి. మర్నాడు విడిచిన బట్టలు కుప్పపడి ఉంటే, "అబ్బో, బట్టల మేటు!" అనండి. కొత్త మాట ఒక్కసారి వింటే నిలవదు, నాలుగు చోట్ల తగలాలి. అందుకే పిల్లలు అదే కథ మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకండి.

చివరగా, కథను వాళ్ల చేతే చెప్పించండి. ఎక్కడ తడబడితే అక్కడ మీరు అందుకోండి. రోజుకు పది నిమిషాలు చాలు.