రంగూన్ ధర, మన మినుము ధర
(డివిజన్ స్థాయి రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాంగ విధానం అనగానే అది ఢిల్లీ వ్యవహారం, మనకేం పని అనుకుంటాం. కానీ దివిసీమలోనూ, తెనాలి చుట్టుపక్కల మాగాణుల్లోనూ వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లుకునే మనకు దానితో చాలా పని ఉంది. మనం పనల కింద మొలక చూసుకునే వేళకే, రంగూన్‌లో టన్ను మినుము ఏ ధర పలుకుతోందో చెన్నై వ్యాపారి లెక్క వేసుకుని ఉంటాడు. మన కల్లం దగ్గరికి వచ్చే కమీషన్ వ్యాపారి నోట్లోంచి వచ్చేది ఆ లెక్కే.

మయన్మార్‌లో జనం మినుము పెద్దగా తినరు. అక్కడ పండేది చాలావరకు మన ఇడ్లీల కోసం, గారెల కోసం. అక్కడా వరి కోశాకే మినుము వేస్తారు, మనలాగే వేసవి మొదట్లో పంట తీస్తారు. ఒకప్పుడు మన కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో కూలి పనికి పోయినవాళ్లు ఎందరో. అక్కడివాళ్లు తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. అప్పుడు మనుషులు పోయారు, ఇప్పుడు మినుములు వస్తున్నాయి.

ఈ వ్యవహారం ఎలా నడిచిందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది. పట్టణాల్లో గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం పప్పులు పండించండని మనకు చెప్పింది, మరోపక్క 2016లో మొజాంబిక్‌తో కంది కొనుగోలు ఒప్పందం చేసుకుంది. మనం మాట విని వేశాం, విరగపండింది. బోనస్‌తో కలిపి కందికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,050 రూపాయలు. మార్కెట్లో ధర అంతకంటే కిందికి పడిపోయింది. అప్పుడు మేలుకుని 2017 ఆగస్టులో దిగుమతులకు పరిమితి పెట్టారు: కందికి 2 లక్షల టన్నులు, మినుము, పెసర కలిపి 3 లక్షల టన్నులు. అప్పటికే మన సరుకు చాలావరకు చేతులు దాటిపోయింది. ఆ దెబ్బ బర్మా రైతుకూ తగిలింది. మనల్ని నమ్ముకుని వేసిన పంటకు అక్కడ కొనే నాథుడు లేకపోయాడు. ఇక్కడి రైతూ మునిగాడు, అక్కడి రైతూ మునిగాడు. అందుకే బర్మా రైతును శత్రువుగా చూడవద్దని మనం ప్రతి సమావేశంలోనూ చెబుతున్నాం.

తర్వాత 2021 మే నెలలో మళ్లీ గేట్లు ఎత్తారు. జూన్‌లో మయన్మార్‌తో ఒప్పందం కుదిరింది. అక్కడ సైన్యం అధికారం పట్టుకుని అప్పటికి ఐదు నెలలు కూడా కాలేదు, అయినా పప్పుల బేరం ఆగలేదు. ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుము, లక్ష టన్నుల కంది, ప్రైవేటు వ్యాపారుల ద్వారా, 2021-22 నుంచి 2025-26 వరకు. అంటే పొరుగుదేశపు సరుకుకు ఐదేళ్ల కొనుగోలు హామీ దొరికింది. మన సరుకుకు మద్దతు ధర చట్టం కావాలని రోడ్డెక్కితే మాత్రం ఖజానా భరించలేదంటారు!

మినుముకు 2025-26లో ప్రకటించిన మద్దతు ధర 7,800 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది. కొనుగోలు కేంద్రం సమయానికి తెరవకపోతే ఆ అంకె మనకు దేనికి? పల్లాకు తెగులు వచ్చి, బంగారు తీగ అల్లుకుని, మిగిలిన నాలుగు బస్తాలకు కూడా ధర లేకపోతే రైతు మొక్కజొన్నకు పోతాడు. పోతున్నాడు కూడా. అప్పుడు దేశంలో మినుము తగ్గింది కాబట్టి దిగుమతి తప్పదంటారు. ఇంకో చిత్రం చూడండి. పప్పుధాన్యాల్లో స్వయంసమృద్ధి కోసం ఆరేళ్ల మిషన్‌ను 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ మార్చిలోనే మినుము సుంకం లేని దిగుమతిని 2026 మార్చి దాకా పొడిగించారు.

ఎగుమతి దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. 2019 సెప్టెంబరులో ఉల్లి ఎగుమతిని రాత్రికి రాత్రి ఆపేశారు. అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీకే వచ్చి, ముందుగా ఒక మాట చెప్పి ఉండాల్సిందని అన్నారు. మన ఉల్లి రైతుకు ఆ మాట కూడా ఎవరూ చెప్పలేదు. పొరుగువాళ్లు వేరే దేశాల నుంచి తెప్పించుకున్నారు. చెడిపోయిన ఆ నమ్మకానికి నష్టపరిహారం ఎవరిస్తారు?

మయన్మార్ ఒప్పందాన్ని 2025-26 వరకు చేసుకున్నారు. ఇలాంటి ఒప్పందాల చర్చలకు ముందే మన మాట వినపడాలి. కొనుగోళ్లు పూర్తిగా ఆపమని మనం అడగడం లేదు. దేశానికి లోటు ఉన్నంతవరకు కొననివ్వండి. కానీ మన పంట కల్లంలోకి వచ్చే నెలల్లో సుంకం లేని సరుకు దిగకూడదు. మార్కెట్ ధర మద్దతు ధర కంటే తగ్గితే సుంకం దానంతటదే పడాలి. ఏటేటా నోటిఫికేషన్లతో ఆడకుండా, విత్తే ముందే మనకూ అక్కడి రైతుకూ లెక్క తెలియాలి.

ఈ మాటలకు బలం కావాలంటే రుజువులు కావాలి. అందుకే ప్రతి గ్రామ కమిటీ ఈ రబీలో మినుము అమ్మిన చీటీలు సేకరించాలి. తేదీ, తూకం, తరుగు, ధర అన్నీ ఉండాలి. చీటీ ఇవ్వని వ్యాపారి దగ్గర అమ్మితే ఆ విషయం రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. వచ్చే నెల సమావేశానికి అవి తెస్తే, వాటితోనే వినతిపత్రం రాద్దాం.