మౌగ్లీ ఏ ఊరివాడు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు ఒక షరతు పెట్టారు. "డి.ఎ. బకాయిల సంగతి, మెడికల్ బిల్లుల సంగతి మిగతావారు చూసుకుంటారు. మీరు మాత్రం ఇంట్లో పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు అకౌంట్సు సెక్షన్లో పనిచేసినవాణ్ణి. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకుని తేడా ఎక్కడ వచ్చిందో చూడటమే నా వృత్తి. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. ఈ మధ్య ఒక పుస్తకాన్నీ, దాని మీద తీసిన సినిమానీ అలాగే పక్కపక్కన పెట్టి చూశాను. నన్ను ఆ పనికి పురమాయించింది ఎనిమిదేళ్ళ మా మనవరాలు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా పుణె నుంచి హైదరాబాదు వచ్చాడు. వేసవి సెలవులకి పిల్లని మా దగ్గర దింపి వెళ్ళారు. ఓ రాత్రి కరెంటు పోయింది. "తాతయ్యా, కథ చెప్పు" అంది. మా హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు చదివి వినిపించిన 'జంగిల్ బుక్' గుర్తొచ్చింది. మౌగ్లీని కోతులు ఎత్తుకుపోవడం, బలూ ఎలుగుబంటి, బగీరా నల్ల చిరుతపులి వెళ్ళి కా అనే కొండచిలువ సాయం అడగడం చెబుతున్నాను. "తప్పు చెబుతున్నావు తాతయ్యా! కా చెడ్డది. అది మౌగ్లీని మింగాలని చూస్తుంది. నేను సినిమాలో చూశాను" అంది. నేను కాదన్నాను. అది అవునంది. కరెంటు వచ్చేదాకా తగువే. చివరికి మా ఆవిడ కలుగజేసుకుని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టింది.

మర్నాడే పుస్తకం తెప్పించాను. సినిమా కూడా మనవరాలి పక్కన కూర్చుని మొత్తం చూశాను. నాకు తేలిన తేడాలు మీ ముందు పెడతాను.

ముందు పుస్తకం సంగతి. రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. 'జంగిల్ బుక్' 1894లో, రెండవ భాగం 1895లో వచ్చాయి. వాటిని రాసింది మాత్రం అమెరికాలో, మంచు కురిసే వెర్మాంట్ రాష్ట్రంలో కూర్చుని. కథ జరిగేది మన మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. మౌగ్లీ ఈతకొట్టిన వైన్‌గంగ ఆ జిల్లాలోనే పుట్టి, వార్ధా నదితో కలిసి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర మన గోదావరిలో కలుస్తుంది. అంటే మౌగ్లీ మనకి ఎగువ ఊరివాడే!

కిప్లింగ్ తెల్లదొరల పాలనని మనసారా సమర్థించినవాడు. ఆ సంగతి మనం మరువనక్కరలేదు. కాని పిల్లవాడి మనసు తెలిసిన రచయిత.

ఇక సినిమా. 1967 అక్టోబరులో వచ్చిన వాల్ట్ డిస్నీ వారి బొమ్మల చిత్రం. డిస్నీ అంతకు ముందు ఏడాది డిసెంబరులోనే కన్నుమూశాడు. బిల్ పీట్ అనే రచయిత మొదట పుస్తకానికి దగ్గరగా, కాస్త గంభీరంగా కథ తయారుచేశాడట. డిస్నీకి నచ్చలేదు. పీట్ సంస్థ వదిలి వెళ్ళిపోయాడు. తరువాత వచ్చిన రచయితకి డిస్నీ పుస్తకం ఇచ్చి, దీన్ని చదవవద్దని చెప్పాడంటారు. పై అధికారి ఫైలు ఇచ్చి ఫైలు చూడవద్దన్నట్టు!

ఇప్పుడు కూడికలు, తీసివేతలు చూద్దాం. సినిమాలో కోతులకి లూయీ అనే ఒరాంగుటాన్ రాజు. పుస్తకంలో ఆ రాజే లేడు. కోతులకి రాజూ లేడు, కట్టుబాటూ లేదు, ఇవాళ అనుకున్నది రేపు గుర్తుండదు అన్నదే అక్కడి కథకి ప్రాణం. పైగా ఒరాంగుటాన్ మన అడవుల్లో ఉండదు. పుస్తకంలో బలూ అడవి ధర్మం నేర్పే గురువు. పాఠం అప్పజెప్పకపోతే దెబ్బ కూడా వేస్తాడు. సినిమాలో పాటలు పాడుకుంటూ తిరిగే సోమరి మిత్రుడు. ఏనుగు హాథీ పుస్తకంలో అడవి అంతా గౌరవించే పెద్ద. సినిమాలో కవాతు చేయించి నవ్వించే కర్నలు. షేర్ ఖాన్ పుస్తకంలో గేదెల మంద కాళ్ళ కింద నలిగి చస్తాడు. సినిమాలో తోకకి మండే కొమ్మ కట్టించుకుని పారిపోతాడు.

కా మాటకొస్తే, మా మనవరాలి తప్పు లేదు. సినిమాలో అది నిజంగానే మౌగ్లీని మింగబోతుంది. పుస్తకంలో కోతుల చెర నుంచి మౌగ్లీని విడిపించినవాళ్ళలో కా ఒకడు. ఎర్ర కుక్కల దండు అడవి మీద పడినప్పుడు, వాటిని తేనెటీగల మీదికి మళ్ళించే ఉపాయం చెప్పింది కూడా అతడే. అలాగని సాధువు కాడు. అతడు ఆకలితో నాట్యం చేస్తే బలూ, బగీరాలకే కాళ్ళు ఆడవు. భయపెట్టే ప్రాణి స్నేహితుడు కావడం, స్నేహితుడైనా భయం పోకపోవడం పుస్తకంలో కుదిరింది. పుస్తకంలో ఉన్నవాడు నెమ్మదిగా అర్థమవుతాడు. తెర మీద ఉన్నవాడు కనబడగానే మంచో చెడో తేలిపోవాలి.

సినిమావాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి. ఉన్నది డెబ్బై ఎనిమిది నిమిషాలు. అందులో పాటలు పెట్టాలి, పిల్లలు నవ్వాలి, టికెట్టు కొన్న తల్లిదండ్రులు తేలిక మనసుతో ఇంటికి వెళ్ళాలి. ఆ లెక్కలో అది గొప్ప సినిమా. నేనూ రెండుసార్లు గట్టిగా నవ్వాను. మా ఆవిడే సాక్షి.

ఇలా మార్చడం ఒక్క డిస్నీకే చెల్లిందనుకోవద్దు. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన 'ఓజ్' కథలో డరతీ అనే పిల్లవి వెండి బూట్లు. 1939 సినిమాలో కొత్తగా వచ్చిన రంగుల్లో మెరవాలని అవి కెంపుల బూట్లయ్యాయి. అది చిన్న మార్పు. పుస్తకంలో ఆ పిల్ల నిజంగా చూసివచ్చిన దేశాన్ని సినిమాలో కల చేసేశారు. అది పెద్ద మార్పు. జర్మన్ రచయిత మిహాయెల్ ఎండే 1979లో 'ముగింపు లేని కథ' రాశాడు. అందులో ఒక కుర్రవాడికి కోరిన కోరికల్లా తీరుతుంది. కాని ఒక్కో కోరికకీ తన జ్ఞాపకం ఒకటి పోతూ ఉంటుంది. 1984లో తీసిన సినిమా పుస్తకంలో సగం దగ్గరే ఆగిపోయింది. కోరికలు మిగిలాయి, వాటికి చెల్లించే మూల్యం ఎగిరిపోయింది. ఎండే కోపం వచ్చి సినిమాలో తన పేరే తీసేయమన్నాడు.

'జంగిల్ బుక్'లోనూ నన్ను నిజంగా బాధపెట్టిన తీసివేత ఇలాంటిదే. అది మౌగ్లీ ఎక్కడివాడు అన్న ప్రశ్న.

సినిమాలో మౌగ్లీని మనుషుల ఊరు చేర్చడమే కథంతా. వాడు పోనంటాడు. చివరికి నీళ్ళబిందె పట్టుకున్న ఒక పిల్ల కనబడితే, నవ్వుకుంటూ వెనకే వెళ్ళిపోతాడు. ఎవరి చోటికి వారు చేరారు, శుభం. పుస్తకంలో అలా కాదు. షేర్ ఖాన్ మాటలు విన్న తోడేళ్ళు మౌగ్లీని నువ్వు మనిషివి పొమ్మంటాయి. వాడికి జీవితంలో మొదటిసారి కళ్ళనీళ్ళు వస్తాయి. అవేమిటో కూడా వాడికి తెలియదు, తన ప్రాణమే పోతోందేమో అనుకుంటాడు. బగీరా చెబితే గాని అవి కన్నీళ్ళని తెలియదు. ఊరికి వెళితే మెస్సువా అనే తల్లి అక్కున చేర్చుకుంటుంది. వాడు పశువులు కాస్తాడు, పులిని చంపుతాడు. అంతలో ఊరివాళ్ళు మంత్రగాడని రాళ్ళతో తరుముతారు. అడవి వద్దంది, ఊరు వద్దంది. ఎవరూ లేని వాడికి నలుగురు తోడేలు అన్నదమ్ములు మాత్రం తోడు వస్తారు.

ఈ భాగం నేను మనవరాలికి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. రాళ్ళు వేసిన చోట అది కదలకుండా వింది. ఆఖర్న, "అయితే మౌగ్లీ ఏ ఊరివాడు తాతయ్యా?" అని అడిగింది. నేను ఏదో చెప్పబోయేంతలో తనే అంది. "పుణెలో నన్ను మద్రాసీ అనేవాళ్ళు. ఇక్కడ నా తెలుగు విని నవ్వుతున్నారు. నాది ఏ ఊరు?"

మిత్రులారా, ఏడాదిగా ఆ పిల్ల స్కూల్లో ఎవరితోనూ కలవడం లేదని మా కోడలు బాధపడుతూనే ఉంది. ఎందుకని ఎంత అడిగినా పిల్ల నోరు విప్పలేదు. సినిమా చూసినన్ని సార్లూ నవ్వింది, ఒక్కసారీ అడగలేదు. అందులో ఆ ప్రశ్నకి చోటు లేదు. పుస్తకం జవాబు చెప్పలేదు గాని, ఆ బాధ తనొక్కదానిదే కాదని చెప్పింది. బదిలీల మీద ఊళ్ళు మారిన మన పిల్లలు కూడా ఈ ప్రశ్న అడగాలనుకుని ఉంటారు. ఇయర్ ఎండింగ్ లెక్కల్లో పడి మనం విని ఉండం. నేను వినలేదు.

ఆ రాత్రి నేనేం చెప్పానంటారా? గొప్ప మాటేమీ తోచలేదు. "మెస్సువా ఇంటి తలుపు కూడా వాడి కోసం ఎప్పుడూ తెరిచే ఉండేదమ్మా. నువ్వు వచ్చినప్పుడల్లా మన తలుపూ తెరిచే ఉంటుంది" అన్నాను. అది నా చెయ్యి పట్టుకుని పడుకుంది.

తరువాత 2016లో వచ్చిన సినిమా కూడా చూశాం. అది తెలుగు మాటలతోనూ వచ్చింది. అందులో మౌగ్లీ అడవిలోనే ఉండిపోతాడు. ఒక సినిమా ఊరికి పంపింది, ఒకటి అడవిలో ఉంచింది. "ఈ సినిమావాళ్ళకీ తెలియదన్నమాట" అని మా మనవరాలు తీర్పు చెప్పింది.

మన సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. దానికి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథల'లోని ఒక కథ. ఆ పుస్తకం చదివినవాళ్ళు ఈ సభలో ఎందరు? చేతులెత్తమని ఇబ్బంది పెట్టను. అందులో మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళుతూ పశువులు కాసే కుర్రవాణ్ణి తోడు రమ్మంటాడు. దారిలో ఏ వింత కనబడి అడిగినా దాని కథ చెప్పాలని కుర్రవాడి షరతు. అలా ప్రతి మజిలీలోనూ ఒక కథ. సినిమాలో తోట రాముడు వచ్చాడు, మాంత్రికుడు వచ్చాడు. అడిగే కుర్రవాడు, చెప్పే పెద్దాయన మాత్రం రాలేదు. ఏ సినిమా అయినా వాళ్ళిద్దరినీ తీసుకురాలేదు. ఆ ఖాళీ పూరించవలసింది మనమే.

కాబట్టి నా మనవి ఒకటే. పిల్లల్ని సినిమా చూడవద్దనకండి. పక్కన కూర్చుని మీరూ చూడండి. తరువాత పుస్తకం తీసి చదివి వినిపించండి. కళ్ళజోడు సరిపోకపోతే పిల్లల చేత చదివించుకుని వినండి. తేడాలు వాళ్ళనే పట్టుకోమనండి. మనకంటే మంచి ఆడిటర్లు వాళ్ళు. మన సంఘం బీరువాలో సర్వీసు రూల్సు పుస్తకాలు నాలుగు అరల నిండా ఉన్నాయి. ఒక్క అర ఖాళీచేసి పిల్లల పుస్తకాలు పెడదామని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి పుస్తకంగా నా 'జంగిల్ బుక్' ఇస్తున్నాను. అందులో కా బొమ్మ పక్కన పెన్సిలుతో "మంచివాడే, కానీ జాగ్రత్త" అని రాసి ఉంటుంది. చెరపకండి. అది మా మనవరాలి దస్తూరి.