కాఫీ రుచి – కొండ గుణము, రైతు చేయి



ఒకే జాతి మామిడి అంటును రెండు ఊళ్ళలో నాటినచో, రెండు చోట్ల పండు ఒకే రుచిగా నుండదని మీరెరుగుదురు. కాఫీయు అట్టిదే. ఇందుకు దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశము మంచి నిదర్శనము. అచ్చట పండునది దాదాపు అంతయు అరబికా జాతియే. వేయించని గింజలను చూచిన అన్నియు ఇంచుమించు ఒకే తీరుగ నుండును. కాని కాచి త్రాగినచో ఒక్కొక్క సీమది ఒక్కొక్క రుచి. మన అరకు కొండలలో కాఫీ వేయు రైతులు దీని కారణము తెలిసికొనుట లాభకరము.

ఆండీస్ పర్వతములు కొలంబియాలో మూడు వరుసలుగ చీలి సాగుచున్నవి. కాఫీ తోటలు చాలవరకు ఈ కొండవాలులలో 1,200 మొదలు 2,000 మీటర్ల ఎత్తువరకు కలవు. ప్రతి 100 మీటర్ల ఎత్తునకు వేడి సుమారు 0.6 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గును. పూత నుండి పండు వరకు సామాన్యముగ 8 నెలలు పట్టును. చల్లని చోట ఇంకను ఆలస్యమగును. నిదానముగ పండిన గింజ గట్టిపడును. దానిలో పులుపు, సువాసన బాగుగ నిలుచును.

దక్షిణమున నరీన్యో సీమలో 2,000 మీటర్ల ఎత్తున కూడ తోటలున్నవి. అచ్చటి కాఫీకి నిమ్మజాతి పండ్లను తలపించు హాయైన పులుపుండును. ఊయిలా కాఫీ తీపికి, పండ్ల వాసనకు పేరుపొందినది. ఉత్తరమున శాంతాందేర్, సియెర్రా నెవాదా సీమలలో తోటలు తక్కువ ఎత్తున నుండును. అచ్చట వానలేని కాలము దీర్ఘమైనందున నీడచెట్ల క్రింద కాఫీ పెంచుదురు. ఆ కాఫీకి పులుపు తక్కువ, చిక్కదనమెక్కువ. చాకొలెట్టు వాసన తోచును.

ఎత్తు మాత్రమే చూచిన చాలదు. నరీన్యో భూమధ్యరేఖకు మిక్కిలి చేరువ. అందుచే అంత ఎత్తున కూడ కాఫీకి తగిన వెచ్చదనమున్నది. అరకులోయ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అందువలన మనకు సుమారు 1,000 మీటర్ల ఎత్తుననే చల్లదనము లభించుచున్నది. నీడచెట్లు ఎండ తీవ్రతను మరికొంత తగ్గించును.

అయితే కొండ ఇచ్చిన రుచిని చేజేతుల పాడుచేసికొనవచ్చును. పచ్చికాయ కలిసిన కాఫీ వగరెక్కును. కోసిన పండ్లను గుట్టగ నిలువ ఉంచినచో పులిసి చెడువాసన పట్టును. నేలపై ఆరబోసిన మట్టివాసన, బూజు తప్పవు. కొలంబియా చిన్న రైతులు ఎర్రని పండ్లనే ఏరి కోసి, త్వరగా పైతోలు తీసి, జిగురు వదలువరకు మాత్రమే పులియబెట్టి, కడిగి ఆరబెట్టుదురు. కొందరు ఇంటిపై గింజలారబోసి, వాన వచ్చినపుడు జరుపుడు కప్పును మూయుదురు. గింజలో తేమ నూటికి 10 నుండి 12 పాళ్ళకు దిగువరకు ఆరవలెను.

2007లో ఐరోపా సమాఖ్య కొలంబియా కాఫీ పేరునకు భౌగోళిక రక్షణ నిచ్చినది. 2019లో మన అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పేరు ఊరందరి ఉమ్మడి ఆస్తి. ఒక్కరి బుట్టలోని చెడ్డ గింజలు పదిమంది సరుకు ధరను దించును. కొండను మనము మార్చలేము. కోత, కల్లము మాత్రము మన చేతిలోనివే. ఈ ఏడు కోతకు దిగునపుడు పండిన పండునే కోయుడు. పచ్చికాయను మరుసటి విడతకు చెట్టుననే ఉంచుడు.